చెరువులోని పచ్చిక

శేరిలింగంపల్లి ప్రాంతంలో, ఎత్తయిన మేడల నడుమ దుర్గం చెరువు వున్నది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటవారికి ఇక్కడినుంచే మంచినీరు వెళ్లేది. 2020లో దీనిమీద తీగల వంతెన తెరిచారు. వంతెనను అందరూ చూస్తారు. చెరువులో రాళ్లకు పట్టే పాచిని ఎవరూ చూడరు, చూసినా అసహ్యించుకుంటారు.

కాని పిల్లలూ, ఆ పాచే చెరువులోని ప్రాణులకు పచ్చిక! దానికి వేరూ, ఆకూ, పువ్వూ వుండవు. అయినా చెట్లలాగే ఎండలో ఆహారం తయారుచేసుకుని, నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది.

దీన్ని మేసేవి ఎన్నో వున్నాయి. నత్త నాలుక ఆకురాయిలా గరుకుగా వుంటుంది. దానితో అది రాతిమీది పాచిని గీకి తింటుంది. కప్పపిల్లలయిన తోకకప్పలూ అలాగే గీకుతాయి. రొయ్యలకు దూరపు చుట్టాలయిన ఆవగింజంత జీవులు కొన్ని, నీటిలో తేలే పాచిని వడగట్టి మింగుతాయి. వీటిని చేపపిల్లలు తింటాయి. చేపలను కొంగలు తింటాయి. పెద్దదయిన శీలావతి చేప తానే పాచిని మేస్తుంది.

అయితే పాచి ఎంత పెరిగితే అంత మంచిదా? కాదు. మురుగునీరు చేరితే అది పాచికి ఎరువవుతుంది. అప్పుడు పాచి, మేసేవాటి తరం కానంతగా పెరిగి నీటిని కప్పేస్తుంది. రాత్రిళ్లు ఎండ వుండదు గనక పాచి ప్రాణవాయువు ఇవ్వకపోగా, తానే పీల్చుకుంటుంది. చచ్చిన పాచి కుళ్లటానికి కూడా ప్రాణవాయువే ఖర్చవుతుంది. తెల్లవారేసరికి చేపలు ఊపిరాడక నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి; ఒక్కొక్కప్పుడు గుంపులుగా చచ్చి తేలుతాయి.

అందుచేత చెరువు బాగుండాలంటే పాచిని తోడిపారేస్తే చాలదు. మురుగు రాకుండా చూడాలి. తక్కిన పనిలో చాలా భాగం నత్తలూ, చేపలూ చూసుకుంటాయి.