వైతికుప్పం గట్టున పీవై-04

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి వైతికుప్పంలో పడుకునే ఉండేవాళ్లు తక్కువ. రాత్రి వల వేసిన ఫైబర్ పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకొస్తుంటాయి. రాళ్ల గట్టు మీద టార్చిలైట్లు, ఐసుపెట్టెలు, కేకలు. ఆ సందడిలో మా ఆరు బుల్లెట్ల చప్పుడు ఎవరికీ పట్టదు. ఈ బండ్లు పుదుచ్చేరిలో ఇంకే వీధిలో స్టార్ట్ చేసినా కిటికీలు తెరుచుకుంటాయి, ఆ తర్వాత నోళ్లు.

మొదట్లో మా ఆదివారం షికారుకి గాంధీ విగ్రహం దగ్గర కలుసుకుందామనుకున్నాం. అయితే బీచ్ రోడ్డు మీద సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బండ్లు నిషేధం. ఏడున్నర దాకా ఆగితే ఇంక ఎండలో ఊరేగింపే. అలా ఉత్తరానికి జరిగాం. రోడ్డు కొసన పాత డిస్టిలరీ దాటగానే వైట్ టౌన్ అయిపోతుంది. పసుపు గోడలూ, కాగితంపూల తీగలూ, వాటి ముందు ఫొటోలు దిగేవాళ్లూ అంతవరకే. ఆ పైన మొదలయ్యేది వైతికుప్పం. కుప్పం అంటే మనకి చిత్తూరు వైపు ఊరు గుర్తొస్తుంది గానీ, ఈ తీరంలో అది జాలర్ల పాలెం.

మేమంతా యానాం వాళ్లం. కొందరిది ప్రభుత్వోద్యోగం, బదిలీ మీద వచ్చారు. కొందరు పిల్లల చదువులకని ఇల్లు మార్చారు. దీన్ని వలస అంటే నవ్వేవాళ్లున్నారు. నిజమే, యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే; ముఖ్యమంత్రి మారలేదు, అసెంబ్లీ మారలేదు. బండికి చిరునామా మార్పిస్తే చాలు, నంబరు పాతదే: పీవై-04, యానాం రిజిస్ట్రేషన్. యానాంలో పెట్రోలు ఆంధ్ర కంటే చవక, ఇక్కడ తమిళనాడు కంటే చవక. బంకు దగ్గర పక్క రాష్ట్రం బండ్ల వరస చూస్తే మా ఊరే అనిపిస్తుంది. కానీ రెండు ఊళ్ల మధ్య దాదాపు 850 కిలోమీటర్లుంది, ఇక్కడ దిగితే పాలవాడితో మాట్లాడ్డానికి భాష లేదు. వచ్చిన మొదటి వారం మా ఆవిడ బజారు నుంచి వస్తూ వస్తూ గుమ్మంలోంచే అరిచింది: “ఏవండీ, యానాం వెంకటాచలం పిళ్లై వీధట, బోర్డు చూశాను!” ఆ రోజంతా ఇంట్లో అదే మాట.

నాన్న బుల్లెట్‌ని కాకినాడలో రైలు పార్సిల్‌కి వేశాం. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసి, గోనెలు చుట్టి పంపితే ఇక్కడికి హెడ్‌లైటు సొట్టతో దిగింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. ఒక సంగతి తర్వాత తట్టింది. నాన్న బండి తయారైంది మద్రాసు పక్క తిరువొట్టియూరులో. రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి మద్రాస్ మోటార్స్ 1955లో ఇండియాలో బుల్లెట్ మొదలుపెట్టింది. మేం ఊరొదిలి వచ్చాం, బండి పుట్టింటి దారి పట్టింది.

దాన్ని స్టార్ట్ చేయడం ఓ తతంగం. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. కొత్త బండ్లు నడిపినవాళ్లకి అంతా తిరగేసినట్టుంటుంది. డీకంప్రెసర్ మీట నొక్కిపట్టి కిక్‌ను మెల్లగా దించుతూ అమ్మీటర్ చూడాలి. ముల్లు ఒక పక్కకి వాలి, మళ్లీ మధ్యకి రాగానే ఆపాలి. మీట వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కటి తన్నాలి. ఓపిక లేకుండా తన్నామా, పిక్క మీద తిరిగి తంతుంది.

చెన్నై నుంచి వారాంతంలో తూర్పు తీర రహదారి మీద వందల బండ్లు పుదుచ్చేరికి దిగుతాయి. వాళ్లు వచ్చే దారిన మేం ఎదురెళతాం. కాలాపేట, కనకచెట్టికుళం దాటితే తమిళనాడు. తర్వాత మరక్కాణం ఉప్పుమళ్లు. పొద్దుపొడిచే వేళకి అక్కడుంటే నీళ్లు నిలిచిన ప్రతి మడిలో ఒక సూర్యుడు. ముందు బండి దారి తెలిసినవాడిది, చివరి బండి మరమ్మతు తెలిసినవాడిది, మధ్యవాళ్లు ఒకరి వెనక ఒకరు కాకుండా ఒకరు కుడికి, ఒకరు ఎడమకి జరిగి నడపాలి. ఈ సూత్రం తెలియక మొదటిసారి చివరన ఎవరినీ పెట్టలేదు. మరక్కాణంలో ఒకాయన తిండివనం రోడ్డు పట్టేశాడు. గంట తర్వాత ఫోన్ చేసి, “సముద్రం కనపట్టం లేదండీ” అన్నాడు.

యాభై కిలోమీటర్ల దగ్గర ఆలంపరై కోట. 1750లో ఫ్రెంచి గవర్నర్ డూప్లేకి దక్కింది, 1760లో ఇంగ్లీషువాళ్లు పడగొట్టారు. ఇటుక గోడలు మిగిలాయి, వాటి పక్కన బ్యాక్‌వాటర్. ఫ్రెంచి చేతికీ ఇంగ్లీషు చేతికీ మారుతూ బతికిన యానాం నుంచి వచ్చినవాళ్లకి ఆ గోడలు కొత్త కథేమీ చెప్పవు. ఇడ్లీ పొట్లాలు విప్పి, తిని, తొమ్మిదింటికల్లా కుప్పానికి తిరిగొచ్చేస్తాం.

ఎందుకంటే అసలు పని అక్కడుంది. చేపలమ్మే అక్క మాకని మెత్తళ్లు తీసి ఉంచుతుంది; వాళ్ల నోట అవి నెత్తిలి. మా ఆవిడ పులస గురించి చెప్పబోతే మా అమ్మాయి అనువదించలేక అవస్థ పడింది. ధర వినేసరికి ఆ అక్క పడీపడీ నవ్వింది.

కుప్పం కష్టం ఆ రాళ్ల గట్టులోనే ఉంది. దక్షిణాన 1980లలో ఓడరేవుకి కట్టిన గోడలు, ఉత్తరానికి కదలాల్సిన ఇసుకకి అడ్డం పడ్డాయి. ఇక్కడి ఒడ్డు తరిగిపోయింది, అలలకి అడ్డంగా బండరాళ్లు పోశారు. పడవని నిలబెట్టుకునే ఇసుక కోసం రాళ్ల సందుల్లో వెతుక్కునే జాలర్లని చూశాక, అందమైన సముద్రతీర పట్టణం అని మురిసే పర్యాటక బోర్డులు చదవాలంటే చిరాకు.

ఏడాదిలో ఒక రోజు మాత్రం ఇక్కడ బండి నిలిపే జాగా ఉండదు. మాసి మఖం. మైలం మురుగన్, తిండివనం శ్రీనివాసుడు ఇంకా చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లంతా సముద్రస్నానానికి ఈ ఒడ్డుకే వస్తారు. వాళ్లూ మాలాగే వారాంతపు గుంపు అని నేనంటే మా ఆవిడ చెంపలేసుకోమంది.

పోయిన ఆదివారం తిరిగి బయల్దేరబోతే బండి మొండికేసింది. వలలు సర్దుతున్న పిల్లాడొకడు, పదేళ్లుంటాయేమో, వచ్చి అమ్మీటర్ మీదకి వంగాడు. కిక్ మెల్లగా దించుతున్నాను. వాడు చెయ్యెత్తి ఆపి, “ముళ్ళు నడువుల వందుడుచ్చు” అన్నాడు. నేను మా అమ్మాయి వైపు చూశాను. అది చేపల సంచీ మార్చి పట్టుకుని, “అది కూడా చెప్పాలా నాన్నా?” అంది.