ముందు నీళ్లు, తరువాతే చేపలు

మా అక్క కొడుకు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2022 వేసవిలో బావగారు అక్కను వెంటబెట్టుకొని కొడుకు ఇంటికి వెళ్లి ఐదు నెలలుండి వచ్చారు. వారిది భీమవరం దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్న మనిషి ఆయన. అమెరికా విశేషాలు వినాలని మేమంతా చుట్టూ చేరి కూర్చుంటే, పెద్ద భవనాల సంగతి గాని, రోడ్ల సంగతి గాని ఎత్తలేదు. "ఏం బావా, అంత దూరం పోయినా నాకు చెరువే దొరికింది" అని నవ్వారు.

ఆ చెరువు గాజుతో చేసినది. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండడుగులు, ఎత్తు రెండడుగులు. అందులో సముద్రపు చేపలను, పగడాలను పెంచాలని మా మేనల్లుడి ముచ్చట. ఒక శనివారం తొట్టి బిగించి, ఉప్పునీళ్లు నింపి, వారం తిరగకుండానే రంగురంగుల చేపలు ఐదు తెచ్చి వదిలాడు. వాడి కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఐదింటికీ పేర్లు పెట్టుకుంది. బావగారు వెళ్లేసరికి నాలుగు చచ్చిపోయాయి. ఐదోది పక్కకు ఒరిగి ఎగశ్వాస పీలుస్తోంది. మరునాడు అదీ పోయింది.

"తాతయ్యా, వాటిని మనమే చంపామా?" అని ఆ పిల్ల అడిగింది.

తల్లి ఏదో సర్దిచెప్పబోయిందట. బావగారు మాత్రం, "అవునమ్మా, తెలియక చంపాము. ఈసారి తెలిసికొని చేద్దాం" అన్నారు.

ప్రియ పాఠకులారా, ఇది డబ్బున్నవారి సరదా, మనకెందుకు అనుకోవద్దు. ఆ తాతా మనవరాలూ కలిసి నేర్చుకొన్న సంగతులు మనకూ పనికివస్తాయి.

పగడం రాయి కాదు

పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగే ఎర్రరాయి గుర్తుకు వస్తుంది. నిజానికి పగడం ప్రాణమున్న జీవి. వేలాది చిన్న జీవులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని, సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసికొని తమ క్రింద గట్టి గూడు కట్టుకుంటాయి. తరాల తరబడి కట్టిన ఆ గూళ్లే పగడపు దిబ్బలు. సముద్రపు అడుగున ఇవి ఒక శాతం కంటె తక్కువ చోటే ఆక్రమించినా, సముద్ర జీవుల రకాలలో దాదాపు నాలుగవ వంతుకు ఇవే ఆధారం.

దిబ్బ కట్టే పగడం ఒళ్లంతా కంటికి కనబడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండ వెలుగుతో ఆ నాచు ఆహారం తయారుచేసి, అందులో చాలా భాగం పగడానికి ఇస్తుంది. పగడం దానికి చోటిస్తుంది. నీళ్లు మామూలు వేసవి వేడికంటె ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, ఈ పొత్తు చెడిపోతుంది. నాచు బయటికి పోతుంది, పగడం తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. ప్రపంచమంతటా ఇలా పగడాలు తెల్లబారడం ఇది నాలుగవసారి అని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సముద్రంలోనే రెండు డిగ్రీలకు తట్టుకోలేని జీవిని ఇంటికి తెచ్చుకోవాలంటే ఎంత జాగ్రత్త ఉండాలో ఆలోచించండి.

ముందు నేల చూడాలి

బావగారు మొదట తొట్టి వంక చూడలేదు, దాని క్రింద నేల చూశారు. ఆ కొలతల తొట్టిలో 680 లీటర్ల నీళ్లు పడతాయి. ఉప్పునీళ్లు గనుక ఆ బరువే 700 కిలోలకు వస్తుంది. గాజు, బల్ల, ఇసుక, రాళ్లు, క్రింద ఉండే చిన్న తొట్టి కలిపితే టన్నుకు దగ్గర. అక్కడి ఇళ్లలో మేడమీద గదులు చాలావరకు చెక్క దూలాల మీద కట్టినవి. మేనల్లుడు అదృష్టవశాత్తు క్రింది గదిలో, కాంక్రీటు నేల మీదే పెట్టాడు. కిటికీ పక్కన మాత్రం పెట్టాడు. నేరుగా ఎండ తగిలితే నీళ్లు వేడెక్కుతాయి, అక్కరలేని పాచి పెరుగుతుంది. ఖాళీ చేసి లోపలి గోడకు మార్చారు. నిండిన తొట్టిని ఎవరూ జరపలేరు. అందుకే చోటు, బరువు, నీళ్ల దారి, కరెంటు దారి అన్నీ కాగితం మీద గీసుకొన్న తరువాతే మొదటి బిందె పోయాలి.

నీళ్లు తయారు చేయడం

సముద్రం అక్కడికి దగ్గర కాదు. కుళాయి నీటిని బాగా వడకట్టి, దానిలో సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. ఇది మన వంటింటి ఉప్పు కాదు. సున్నం, మెగ్నీషియం వంటివన్నీ సముద్రంలో ఉన్న పాళ్లలోనే ఉంటాయి. లీటరుకు సుమారు 35 గ్రాములు, అంటే ఆ తొట్టికి దాదాపు 24 కిలోలు. కుళాయి నీళ్లు అలాగే పోస్తే క్లోరిన్ ఉంటుంది, గొట్టాల నుంచి రాగి దిగవచ్చు. రాగి కొంచెమున్నా పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషమే.

35 పీపీటీ అనగానే బావగారికి అర్థమైపోయింది. మన రొయ్య 10, 15 పీపీటీలోనూ పెరుగుతుంది, పగడం అలా సర్దుకోదు. మరొక సంగతి కూడా ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నీళ్లు ఆవిరైపోతాయి గాని ఉప్పు ఆవిరి కాదు. ఎండాకాలం చెరువులో ఉప్పు శాతం పెరిగినట్టే తొట్టిలోనూ పెరుగుతుంది. అందుచేత రోజూ తగ్గిన నాలుగైదు లీటర్లకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. మేనల్లుడు అప్పటివరకు ఉప్పునీళ్లే పోస్తున్నాడు!

కంటికి కనబడని పనివాళ్లు

అయితే చేపలు చచ్చింది ఉప్పు వల్ల కాదు. బావగారు కొడుకు దగ్గరున్న పరీక్ష సీసాలు తీసి అమ్మోనియా చూడమన్నారు. రంగు ముదురు ఆకుపచ్చగా తేలింది. "ఒరే, నీళ్లు తయారవకుండా సీడ్ వదిలేశావురా" అన్నారు.

ఆయన భాష మన చెరువుల వారికి వెంటనే అర్థమవుతుంది. తక్కినవారి కోసం వివరిస్తాను. చేప వేసిన రెట్ట, తినకుండా మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది చేప మొప్పలను కాల్చివేస్తుంది. ఒక జాతి సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరొక జాతి దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది అంత ప్రమాదం కాదు. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు ఉండవు. రాళ్ల మీద, ఇసుకలో అవి స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ లోపల చేపను వదిలితే దానిని విషంలో వదిలినట్టే.

ఈ సంగతి గ్రహించడానికి పెద్దవారికే చాలా కాలం పట్టింది. ఇండోనేసియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి సూక్ష్మజీవులు నిండిన రాళ్లను తెచ్చి తొట్టిలో పెట్టి, వాటిచేతనే నీటిని శుభ్రం చేయించేవాడు. 1961లో ఆ పద్ధతిని గూర్చి ఒక పత్రికలో వ్రాశాడు. తరువాత జర్మనీలో బెర్లిన్ నగరపు ఔత్సాహికులు ఆ రాళ్లకు గట్టి దీపాలను, నురుగు తీసే యంత్రాన్ని జోడించారు. నేటికీ దానిని బెర్లిన్ పద్ధతి అంటారు. నురుగు యంత్రమంటే వింతేమీ కాదు. సన్నని గాలి బుడగలకు నీటిలోని మురికి అంటుకొని పైకి నురుగై తేలుతుంది, ఆ నురుగును పారబోస్తారు. సముద్రపు ఒడ్డున మురికి నురుగు మీరు చూచే ఉంటారు.

మేనల్లుడు మళ్లీ మొదటికి వచ్చాడు. రాళ్లు, ఇసుక, నీళ్లు, చిటికెడు మేత, సీసాలో అమ్మే సూక్ష్మజీవులు, అంతే. చేప లేదు. ఖాళీ తొట్టి ముందు ఆరు వారాలు కూర్చోవడం పెద్దవాడికి కష్టమైంది గాని పిల్లకు కాలేదు. తాతయ్య దానికొక నోటు పుస్తకం ఇచ్చారు. ప్రతి సాయంత్రం పరీక్ష చేసి అంకెలు వ్రాసేది. అమ్మోనియా పెరిగింది, తగ్గింది. నైట్రైట్ పెరిగింది, తగ్గింది. రెండూ సున్నాకు వచ్చి, వరుసగా వారం రోజులు సున్నా దగ్గరే నిలిచిన నాడు ఆ పిల్ల ఇల్లంతా గెంతిందట.

వెలుగు, అలలు, కరెంటు

పగడంలోని నాచుకు వెలుగు కావాలి గనుక తొట్టిపైన బలమైన నీలి, తెలుపు దీపాలు రోజుకు కొన్ని గంటలు వెలగాలి. పగడం కదలదు గనుక ఆహారాన్ని తెచ్చి, మురికిని తీసికొనిపోయేలా నీళ్లే కదలాలి. దానికి అలలు పుట్టించే పంపులు. వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలబడాలి. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ 140 నుంచి 180 పీపీఎం ఉంచుతారు. పగడం పెరిగేకొద్దీ సున్నం తీసికొంటుంది గనుక మళ్లీ అందిస్తూ ఉండాలి. రొయ్య పెంకు వదిలే రోజుల్లో చెరువుకు సున్నం చల్లినవారికి ఇది కొత్త కాదు. అంకె సరిగ్గా ఉండటం ఎంత ముఖ్యమో, ఆ అంకె రోజురోజుకూ మారకుండా ఉండటం అంతకంటె ముఖ్యం.

ఇక కరెంటు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి లక్షలాది ఇళ్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి రాలేదు. పంపు ఆగితే కొన్ని గంటల్లోనే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది. ఏరేటర్లు ఆగిన రాత్రి చెరువు గట్టు మీద పరుగులు తీసిన బావగారికి ఆ భయం బాగా తెలుసు. "జనరేటరు లేకుండా చెరువు చేసేవాణ్ని నేను రైతు అనను" అని, బ్యాటరీతో నడిచే పంపు కొనేదాకా కొడుకును వదలలేదు.

చేపను ఎక్కడి నుంచి తెచ్చారు?

నోటు పుస్తకం చూచి దుకాణానికి బయలుదేరిన రోజున ఆ పిల్ల మరొక ప్రశ్న వేసింది. "ఈ చేపకు అమ్మా నాన్నా సముద్రంలో ఉన్నారా?"

మంచి ప్రశ్నే. తొట్లలో అమ్మే సముద్రపు చేపలు ఎక్కువ భాగం దిబ్బల మీద పట్టి తెచ్చినవే. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి, తరువాత ఇండోనేసియా దీవులలోనూ కొందరు సైనైడ్ విషం చిమ్మి, చేప మత్తెక్కగానే పట్టుకొనేవారు. చట్టాలు వచ్చినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. దానివల్ల చేపతోపాటు పగడాలూ చస్తాయి. అయితే నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపలను ఇప్పుడు హేచరీలలోనే పుట్టించి పెంచుతున్నారు. పగడాలను కూడా చిన్న ముక్క విరిచి, రాతికి అంటించి, మొక్క అంటు కట్టినట్టు పెంచి అమ్ముతున్నారు. తాతా మనవరాలూ హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలే తెచ్చారు. వాటిని నెల రోజులు వేరే చిన్న తొట్టిలో ఉంచి, జబ్బు లేదని తేలాక వదిలారు. పగడపు ముక్కలు మరికొన్ని నెలలకు గాని రాలేదు.

మన ఇంట్లో పెట్టుకోవచ్చా?

ఇది చదివి మీ పిల్లలు అడుగుతారు గనుక చెబుతున్నాను. మన దేశంలో పగడాలను ఇంట్లో పెంచుకోవడానికి వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001 నుంచి దిబ్బ కట్టే పగడాలన్నిటికీ పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చోటిచ్చారు. పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. సముద్రపు గుర్రం చేపకూ అదే రక్షణ. ఎవరైనా పగడపు ముక్క తెచ్చి అమ్మజూపితే కొనవద్దు.

చేపలు మాత్రమే ఉండే ఉప్పునీటి తొట్టి వేరు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతిని సాధించారు. అటువంటి చేపలతో తొట్టి పెట్టుకోవచ్చు. పగడాలు చూడాలంటే వాటి ఇంటికే వెళ్లాలి. మన ఆంధ్ర తీరంలో పగడపు దిబ్బలు లేవు. తమిళనాడులో రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ ఉన్నాయి. లక్షద్వీప్‌లో, కచ్ సింధుశాఖలో, అండమాన్‌లో ఉన్నాయి. అండమాన్‌లో అడుగున గాజు బిగించిన పడవలెక్కి చూడవచ్చు.

బావగారు తిరిగి వచ్చి చాలా కాలమైంది. ఆదివారం సాయంత్రం మనవరాలు ఫోను చేస్తుంది. మొదట క్షేమ సమాచారం కాదు, అంకెలు. ఉప్పు ఎంత, ఆల్కలినిటీ ఎంత, వేడి ఎంత. ఆయన గట్టు మీద నిలబడి విని, తన చెరువు అంకెలు ఆ పిల్లకు చెబుతారు. మొన్న నేను పక్కనే ఉన్నాను. "తాతయ్యా, ఒక్కటీ చావలేదు" అంది.

"పుస్తకం మాత్రం మానకు తల్లీ" అన్నారు బావగారు.