అటకెక్కిన యంత్రాన్ని దింపితే

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ ఇంటి కిటికీ ఊచ మీదైనా వేలు పెట్టి రాస్తే నల్లటి పొడి అంటుకుంటుంది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి బందరు వెళ్లే 65వ నంబరు రహదారి కలిసే చోటది. టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, డీజిల్ మసి, వాటికి తోడు డెల్టా ఒండ్రుమట్టి. ఆ మట్టిలోని బంకరేణువు రెండు మైక్రాన్లు కూడా ఉండదు. ధూళి పరిమితి మించిన నగరాల కోసం కేంద్రం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించినప్పుడు ఆ జాబితాలో విజయవాడ పేరు కూడా ఉంది. ఇలాంటి ఊళ్లో వాక్యూమ్ క్లీనర్‌కు చేతినిండా పని ఉండాలి. కానీ చాలా ఇళ్లలో అది అటక మీదే ఉంటుంది.

అలా అటకెక్కిన ఒక యంత్రాన్ని బంధువుల ఇంట దింపించి చూశాను. అమెరికా నుంచి ఇంటి సామానుతో పాటు వచ్చింది. తనంతట తాను కదిలే రకం. కిర్బీ కంపెనీ 1990లో తెచ్చిన జనరేషన్ 3 ఈ కోవలోదే. పోత అల్యూమినియం ఒళ్లు, పది కిలోలకు మించిన బరువు. మందపాటి తివాచీ మీద యంత్రం మూతి పీల్పుకు నేలకు అతుక్కుంటుంటే అంత బరువును నెట్టడం కష్టం. అందుకే చక్రాలకూ మోటారు బలం అందించారు. పిడిని కొద్దిగా తోస్తే ముందుకు, లాగితే వెనక్కు నడుస్తుంది. 1908లో పేటెంటు పొందిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ తొలి నమూనాకు ఇంత హంగు లేదు. ఒహాయోలోని ఒక దుకాణంలో ఊడ్చే పని చేస్తూ ఉబ్బసంతో బాధపడిన ఆ మనిషి పంకా మోటారుకు చీపురు కర్ర, దిండు గలీబు తగిలించి పని కానిచ్చాడు.

పిడిని తోస్తే మూలిగింది, కదల్లేదు. అందరి నోటా ఒకటే మాట: అరిగిపోయింది. అరగడానికి అది పనిచేసిందెక్కడ? మహా అయితే రెండేళ్లు వాడి ఉంటారు. మిగతా కాలమంతా ఊరికే ఉంది. అసలు రోగం అక్కడే ఉంది.

లోపల ఉన్నది యూనివర్సల్ మోటారు, అంటే మన మిక్సీలో ఉండేదే. ఫీల్డు చుట్టలోనూ ఆర్మేచర్‌లోనూ కరెంటు ఒకేసారి దిశ మారుతుంది కాబట్టి ఏసీ మీద నడిచినా తిరిగే దిశ మారదు. నిమిషానికి పది వేల చుట్లు దాటుతుంది. ఆ ఇరుసు మీదే గాలి పీల్చే ఫ్యాను ఉంటుంది. ఫ్యాను ఒకే వైపు తిరగాలి కనుక యంత్రాన్ని వెనక్కు నడపాలంటే మోటారును తిప్పేస్తే కుదరదు. చాలా మోడళ్లలో ముందుకొక క్లచ్, వెనక్కొక క్లచ్ పెట్టి, పిడి జరిగిన వైపును బట్టి ఒకదాన్ని పట్టిస్తారు. వేగమూ తగ్గించాలి. ఆరు సెంటీమీటర్ల చక్రం సెకనుకు అర మీటరు నడవాలంటే నిమిషానికి సుమారు 160 చుట్లు చాలు. మోటారు 12,000 చుట్లు తిరుగుతుంటే 75వ వంతుకు దించాలన్నమాట. ఆ పని బెల్టు, గేర్లు చేస్తాయి.

ఇప్పుడు విప్పి చూద్దాం. కార్బన్లు సగం కూడా అరగలేదు. బేరింగుల్లోనూ ఆట లేదు. కానీ గేరుపెట్టెలోని గ్రీజు మైనంలా గట్టిపడింది. గ్రీజంటే సబ్బులో నిలిపిన నూనె. ఏళ్ల తరబడి కదలిక లేకపోతే నూనె వేరై జారిపోతుంది, సబ్బు మిగులుతుంది. దాన్ని గీకి, కిరోసిన్‌తో కడిగి, ఆరాక లిథియం గ్రీజు పట్టించాలి. పాత గ్రీజు మీదే కొత్తది పూయడం మెకానిక్కులకు అలవాటు. ఆ అలవాటు మానాలి. బెల్టు రబ్బరు ఆక్సిజన్ తగిలి బిరుసెక్కింది, వంచితే పగుళ్లు కనిపించాయి. చక్రాల పట్టీల కథ వేరు. అవి పాలీయురెథేన్‌వి. ఆ జాతిలో కొన్ని రకాలను ఉక్క వాతావరణంలోని నీటియావిరి మెల్లమెల్లగా విడగొడుతుంది, జలవిశ్లేషణ అంటారు. కృష్ణా డెల్టా వానాకాలం దానికి అనువైనది. ముట్టుకుంటే బెల్లం పాకంలా వేలికి అంటుకున్నాయి. వీటికి మందు లేదు, కొలత తీసి కొత్తవి వేయాల్సిందే.

కార్బన్లు రాసుకునే కమ్యుటేటర్ రాగిపలకల మీద చిలుము పట్టింది. దాన్ని సన్నటి గాజు కాగితంతో తీయాలి. ఎమెరీ కాగితం వద్దు, దాని రేణువులు పలకల మధ్య సందుల్లో ఇరుక్కుని నిప్పురవ్వలు తెస్తాయి. తర్వాత చూడాల్సింది వైండింగ్ తడి. మన షాపుల్లో సీరీస్ బల్బు పెడతారు: ఒక కొస తీగచుట్టకు, మరొకటి లోపలి ఇనుముకు. వెలగకపోతే బాగున్నట్టే అనుకుంటారు. ఇక్కడొక చిక్కుంది. వంద వాట్ల బల్బు కంటికి కనిపించేలా వెలగాలంటే దాదాపు వంద మిల్లీఆంపియర్లు కావాలి. ఇళ్లలో ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్లకే తెగిపోతుంది. అంటే బల్బు చీకటిగా ఉన్నా మనిషికి షాకు తగలవచ్చు. 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ నిరోధం కొలిచి కనీసం ఒక మెగోమ్ ఉందో లేదో చూసుకోవాలి. అంత రాకపోతే మోటారును చెక్కపెట్టెలో ఉంచి, ఒక వంద వాట్ల బల్బు వేడికి రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ కొలవాలి.

ఇంతా చేసి యంత్రాన్ని గోడ ప్లగ్గులో పెడితే సర్వనాశనమే. అది 120 వోల్టులది, మనది 230. వేగం హద్దు దాటి, కార్బన్ల దగ్గర మంటలు లేచి, వైండింగ్ మాడుతుంది. 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ తేడా మాత్రం ఈ మోటారు పట్టించుకోదు. ట్రాన్స్‌ఫార్మర్ పట్టించుకుంటుంది: 60కే చేసినదాన్ని 50 మీద నడిపితే దాని ఇనుములో అయస్కాంత ప్రవాహం ఐదో వంతు పెరిగి వేడెక్కుతుంది. కనుక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడే కొనడం మేలు. ఏడు ఆంపియర్ల యంత్రానికి లెక్క ప్రకారం 840 వీఏ చాలు, కానీ మొదలయ్యే క్షణంలో కరెంటు కొన్ని రెట్లు ఎగబాకుతుంది. 1500 వీఏది తీసుకోవాలి.

బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద పటమట దాటితే జవహర్ ఆటోనగర్. లారీ బాడీలు కట్టే, ఇంజన్లు బోరు చేసే ఆ వీధుల్లో కాలిపోయిన చుట్టను చూసి చుట్లు లెక్కపెట్టి మళ్లీ చుట్టగల పనివాళ్లున్నారు. మోటారునే 230కి తిరగచుడితే ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకన్న ప్రశ్న అక్కడ వినిపించింది. లెక్క సులువే: చుట్లు 1.9 రెట్లు, తీగ వ్యాసం సుమారు 0.72 వంతు, గాడిలో చోటు సరిపోతుంది. అయితే కమ్యుటేటర్ పలకల సంఖ్య మారదు కదా. పక్కపక్క పలకల మధ్య వోల్టేజి దాదాపు రెట్టింపవుతుంది, రవ్వలు పెరుగుతాయి. నా ఓటు ట్రాన్స్‌ఫార్మర్‌కే. చక్రాల పట్టీలు మాత్రం లేతు మీద చక్కగా కుదిరాయి.

చివరికి యంత్రం నడిచింది. నున్నటి టైల్స్ మీద అడ్డేముంది, పిడి తాకీ తాకకముందే గోడ దాకా ఉరికింది. దాని సొంత బలం తెలియాలంటే తివాచీ కావాలి, ఆ వీధిలో ఎవరింట్లోనూ తివాచీ లేదు. పెళ్లిళ్లకు పరిచే జంపఖానా తెచ్చి రెండు మడతలు వేశాం. మొదటి తోపులోనే అది జంపఖానా అంచును పీల్చి మూతిలోకి లాక్కుంది. పిల్లలు నలుగురూ నాలుగు మూలలా కూర్చున్నారు. అప్పుడు మెల్లగా, తన దారిన తాను, ముందుకు నడిచింది.