రాయి గట్టిదే... మరి లోపలి బజారు?

వేసవి సాయంత్రం... రాతి ప్రాంగణంలో వేసిన కుర్చీలు... చేతిలో చల్లచల్లగా సీతాఫలం ఐస్‌క్రీమ్‌! మొజంజాహీ మార్కెట్‌ అనగానే హైదరాబాదీలకు మొదట గుర్తొచ్చేది ఇదే. తల పైకెత్తి ఆ గడియారం గోపురాన్నీ కమానుల్నీ చూసేది తర్వాతే.

1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దేందుకు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్‌ బోర్డు ఏర్పడింది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా దానికి అధ్యక్షుడిగా పనిచేశారు. 1935లో నల్లరాతితో కట్టిన ఈ మార్కెట్‌కు ఆయన పేరే పెట్టారు. నగరానికంతటికీ పండ్లు ఇక్కడి నుంచే వెళ్లేవి. 1980ల్లో పండ్ల టోకు వ్యాపారం కొత్తపేట వైపు తరలిపోయింది. ఐస్‌క్రీమ్‌ దుకాణాలు, పూలు, అత్తర్లు, పాన్‌దాన్లు మిగిలాయి. వాటితోపాటే రేకుల పందిళ్లు, అడ్డదిడ్డంగా వైర్లు, రాతిని కప్పేసిన బోర్డులు పుట్టుకొచ్చాయి.

ఇలాంటి కట్టడం పనికొస్తుందా, పడగొట్టాల్సిందేనా... ఎలా తేలుస్తారు? పగుళ్లు చూస్తారనుకుంటాం. నిపుణులు ముందు వెతికేది నీటిని! మిద్దెమీద నీళ్లు ఎటు పోతున్నాయి, తూము ఎక్కడ పూడింది, గోడ సందులో రావి మొక్క వేరు ఎంత లోతుకు దిగింది... సగం రోగం అక్కడే బయటపడుతుంది. మిగతా సగం మనం చేసిన వైద్యమే. డంగుసున్నంతో కట్టిన గోడ తడిని పీల్చి, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల సున్నం గుల్లబారుతుంది. అందుకే చాలాచోట్ల మరమ్మతు అంటే ముందు పాత మరమ్మతుల్ని ఊడగొట్టడమే!

మొజంజాహీ మార్కెట్‌కు ఆ వైద్యం 2018లో మొదలైంది. రేకులు తీశారు, రాతిని శుభ్రం చేశారు, కప్పులు బాగుచేశారు, దుకాణాల బోర్డులన్నీ ఒకే తీరుకు తెచ్చారు. 2020 ఆగస్టులో మళ్లీ ప్రారంభించారు. ఆ తర్వాత అదే ప్రాంగణంలో ఖవ్వాలీలు, కథా గోష్ఠులు కూడా జరిగాయి.

అయితే అసలు మెచ్చుకోవాల్సింది దీపాల వెలుగుల్ని కాదు. బాగుచేత పేరుతో వ్యాపారుల్ని ఖాళీ చేయించి ఏ ఖరీదైన హోటలో పెట్టేయలేదు. పాత భవనాన్ని అంచనా వేసేటప్పుడు గోడల బలంతోపాటు అడగాల్సిన ప్రశ్న ఇదే: రేపు పొద్దున దీని తలుపు తీసేదెవరు? రోజూ తాళం తీసే మనిషుంటే కారుతున్న కప్పు వారంలో తెలుస్తుంది. తాళం వేసిన మహల్‌లో అది తెలిసేసరికి దూలం పుచ్చిపోతుంది.

కూల్చివేత ముప్పు తప్పించుకోవడమూ చిన్న విషయం కాదు. కొత్త శాసనసభ కోసం ఇర్రం మంజిల్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు 2019 సెప్టెంబరులో కొట్టేసింది. కానీ తీర్పు కప్పుకు చిల్లు పూడ్చదు కదా! పనేమిటో, మనుషులెవరో తేలనంతవరకూ భవనం ఎదురుచూస్తూనే ఉంటుంది.

మార్కెట్‌కైనా పని అయిపోలేదు. ఏటా తొలకరికి ముందు ఎవరో ఒకరు నిచ్చెనేసుకుని మిద్దెక్కాలి. తూముల్లో ఆకులు తీయాలి. గోడ సందులో మొలిచిన రావి మొక్కను వేలెడంత ఉన్నప్పుడే పీకెయ్యాలి.