ల్యాప్‌టాప్ ఎంపిక

ల్యాప్‌టాప్ ఎంపిక అనగా ఒడిలో పెట్టుకొని వాడదగిన కంప్యూటరును కొనుటకు ముందు దాని గుణదోషాలను పరిశీలించడం. పల్నాడు జిల్లాలో ఈ పరిశీలనకు వేసవి వేడి ముఖ్యాంశం.

వేడి ప్రభావం

జిల్లాలోని రెంటచింతలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటిన సందర్భాలున్నాయి. ఆపిల్ సంస్థ తన మ్యాక్‌బుక్‌లను 10 నుండి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడవలెనని సూచిస్తుంది. వేడెక్కినపుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అధిక వేడికి లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది.

పరిశీలించవలసినవి

ఫ్యాను లేని నమూనాలు శబ్దం చేయవు. కాని భారమైన పని ఎక్కువసేపు చేస్తే వాటి వేగం పడిపోతుంది. ఫ్యాను ఉన్నవాటిలో దుమ్ము చేరుతుంది కనుక శుభ్రపరచడం, బ్యాటరీ మార్చడం సులభమో కాదో తెలుసుకోవాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. కావున విద్యార్థులు పాత ల్యాప్‌టాప్ కొనేముందు అది విండోస్ 11కు అనుకూలమో కాదో నిర్ధారించుకోవాలి.