కార్టిసాల్‌ని ఎప్పుడు కొలిచారు?

పులి ఒత్తిడిలో ఉందో లేదో తెలుసుకోవడానికి దాని రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను ఎంతుందో చూడొచ్చు. కానీ రక్తం తీయాలంటే పులిని పట్టాలి, మత్తు ఇవ్వాలి. ఆ హడావుడికే కార్టిసాల్ పెరిగిపోతుంది. చివరికి చేతికొచ్చే అంకె మనం పెట్టిన బాధ లెక్కే అవుతుంది.

అందుకే హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మధ్యప్రదేశ్‌లోని కాన్హా, బాంధవ్‌గఢ్ అడవుల్లో పులుల మలాన్ని సేకరించారు. కాలేయం ఈ హార్మోనును విడగొట్టాక మిగిలే పదార్థాలు మలంలో బయటికి వస్తాయి. 2019లో వెలువడిన ఆ అధ్యయనంలో, పర్యాటకులు తిరిగే కాలంలో ఈ పదార్థాల మోతాదు ఎక్కువగా కనిపించింది. సందర్శకుల, వాహనాల సంఖ్యతోనూ దానికి సంబంధం ఉందని తేలింది.

మనుషుల మీద పరిశోధనల్లోనూ ఇదే చిక్కు. కార్టిసాల్‌ని దేనిలో కొలిచారు, ఏ వేళ కొలిచారు అన్నది తెలియకపోతే అంకెకి అర్థం లేదు.

ఈ హార్మోను మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొరలో, కొలెస్టరాల్ నుంచి తయారవుతుంది. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. పిట్యూటరీ విడుదల చేసే ఏసీటీహెచ్ అనే హార్మోను రక్తంలో ప్రయాణించి అడ్రినల్‌ను కదిలిస్తుంది. కార్టిసాల్ చాలినంత చేరాక, అదే మెదడు మీద పనిచేసి ఈ ఆదేశాలను తగ్గిస్తుంది. రక్తంలో గ్లూకోజు పడిపోకుండా, రక్తపోటు జారిపోకుండా చూసేదీ, వాపును అదుపులో పెట్టేదీ ఇదే. కాబట్టి దీన్ని చెడ్డ హార్మోను అనడం తప్పు. ఆడిసన్ వ్యాధిలో ఇది బాగా తగ్గిపోతుంది; వైద్యం అందకపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఏ ఒత్తిడీ లేకపోయినా కార్టిసాల్ రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున పెరుగుతూ, నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటకి మరింత ఎగసి, ఆ తర్వాత తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఉదయం 8 గంటలకు మామూలు అనిపించే మోతాదే అర్ధరాత్రి కనిపిస్తే వైద్యులు కార్టిసాల్ అతిగా ఉండే కుషింగ్స్ జబ్బును అనుమానిస్తారు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లలో ఈ లయ తారుమారు కావచ్చు.

ఒత్తిడికి వచ్చే స్పందనను పట్టుకోవడానికి జర్మనీలోని ట్రయర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1993లో ఒక పరీక్షను ప్రకటించారు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ అన్నట్టుగా 5 నిమిషాలు మాట్లాడాలి. తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పోవాలి. తప్పితే మళ్లీ మొదటికి. ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వరు, తల ఊపరు. గుండె దడ వెంటనే మొదలవుతుంది గానీ, లాలాజలంలో కార్టిసాల్ శిఖరానికి చేరేది పరీక్ష ముగిశాకే. అందుకే నమూనాలు వరసగా తీస్తారు. 208 ప్రయోగశాల అధ్యయనాలను కలిపి 2004లో చేసిన విశ్లేషణ ఇంకో సంగతి చెప్పింది: పరిస్థితి తన చేతిలో లేనప్పుడు, పైగా నలుగురూ తనని అంచనా కడుతున్నప్పుడు కార్టిసాల్ అన్నిటికంటే ఎక్కువగా పెరుగుతుంది.

ఒక్కో నమూనా చూపే కాలం వేరు. రక్తం, లాలాజలం ఆ కాసేపటి సంగతి చెబుతాయి. 24 గంటల మూత్రం ఒక రోజు మొత్తాన్ని చెబుతుంది. వెంట్రుక నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కనుక, మాడు దగ్గరి 3 సెంటీమీటర్లు సుమారు మూడు నెలల చరిత్ర.

రక్తంతో ఇంకో పేచీ ఉంది. అందులోని కార్టిసాల్‌లో 90 శాతానికి పైగా ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. పనిచేసేది విడిగా ఉన్న ఆ కొంచెమే. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాటిలో ఒక ప్రోటీన్‌ని పెంచుతాయి. దాంతో ఒత్తిడి లేకపోయినా రక్తపరీక్షలో మొత్తం కార్టిసాల్ ఎక్కువగా కనిపిస్తుంది. లాలాజలంలోకి చేరేది విడిగా ఉన్నదే కనుక పరిశోధకులు దానివైపు మొగ్గుతారు.

కార్టిసాల్ తక్కువుంటే మనసు నెమ్మదిగా ఉన్నట్టు కూడా కాదు. యుద్ధాలు, ఘోరాలు చూసి తీవ్ర మానసిక గాయంతో బతుకుతున్నవాళ్లలో అది తక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో తేలింది.

అడ్రినల్ జబ్బుల్ని గుర్తించడంలో కార్టిసాల్ పరీక్ష చాలా ముఖ్యం. కానీ ఫలానాది తింటే కార్టిసాల్ తగ్గుతుందని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు వేయండి: దేనిలో కొలిచారు, ఏ వేళ కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు? జవాబు రాకపోతే ఆ మాటను పక్కన పెట్టేయొచ్చు.