అమెరికా యుద్ధం.. మన రేగడి పత్తి

1861 ఏప్రిల్ 12న అమెరికాలోని దక్షిణ కరోలినా తీరంలో సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల నల్లరేగడిలో పండిన పత్తికి ఎన్నడూ లేనంత గిరాకీ వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే చెప్పగలరా? సివిల్స్ మెయిన్స్ జీఎస్-1లో ప్రపంచ చరిత్ర ఉంది. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో కూర్చుని అది చదువుతుంటే ‘మనకెందుకీ గోల’ అనిపించడం సహజమే. కానీ ఈ యుద్ధం మన పొలం గట్టు దాకా వచ్చి వెళ్లింది.

ముందు అసలు ప్రశ్న చూద్దాం. అమెరికా అంతర్యుద్ధం ఎందుకొచ్చింది? చాలామంది నోట్సులో ఐదు పాయింట్లు ఉంటాయి: బానిసత్వం, ఉత్తర-దక్షిణ ఆర్థిక తేడాలు, సుంకాల గొడవ, రాష్ట్రాల హక్కులు, లింకన్ ఎన్నిక. అన్నీ పక్కపక్కనే, ఒకే సైజులో. నాకు నచ్చనిది అదే. సర్వర్ పడిపోయినప్పుడు స్క్రీన్ మీద పది ఎర్రర్లు కనిపిస్తాయి. పదీ కారణాలు కావు. ఒకటి కారణం, మిగతావి దాని వెనకే వచ్చినవి. ఇక్కడా అంతే. ఆ ఒక్కటి ఏదో తేల్చుకోకుండా ఐదూ రాస్తే జవాబు నిండుతుంది కానీ మార్కులు రావు.

బానిసత్వం అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది వెట్టిచాకిరీ. అప్పు తీర్చలేక తండ్రి తర్వాత కొడుకు కూడా ఆసామి ఇంట్లో పనిచేసిన కథలు మన పెద్దవాళ్లు చెబుతుంటారు. అది చిన్న విషయమేం కాదు. రాజ్యాంగంలో 23వ అధికరణం అందుకే ఉంది, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూడా అందుకే వచ్చింది. అయితే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఉన్నది ఇంకో రకం. అక్కడ మనిషే ఆస్తి. ఎద్దును అమ్మినట్టు అమ్మొచ్చు, పొలాన్ని పెట్టినట్టు బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు, వీలునామాలో పిల్లలకి రాసివ్వొచ్చు. తల్లి బానిస అయితే పుట్టిన బిడ్డ కూడా బానిసే. యజమానికి అప్పులైతే భార్య ఒక ఊరికి, భర్త ఇంకో ఊరికి అమ్ముడుపోయేవారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన వాళ్ల సంతతి కాబట్టి రంగే ముద్రగా మారింది. తప్పించుకున్నా ఒంటి రంగు పట్టిస్తుంది.

దీన్ని ఇంత పెద్దది చేసింది ఒక మెషీన్. 1793లో ఎలీ విట్నీ అనే యువకుడు పత్తి నుంచి గింజ వేరు చేసే జిన్ తయారుచేశాడు. అంతకుముందు అమెరికా లోపలి ప్రాంతాల్లో పండే పొట్టి పింజ పత్తిలో గింజలు చేత్తో తీయాలంటే ఒక మనిషికి రోజంతా కష్టపడితే ఒక పౌను దూది వచ్చేది. మెషీన్ వచ్చాక గింజ తీయడం తేలికైంది. మరి పత్తి ఏరేది ఎవరు? దానికి మెషీన్ లేదు. పని తగ్గించాల్సిన టెక్నాలజీ బానిసల అవసరాన్ని పెంచింది. ఏఐ వస్తే ఉద్యోగాలు ఏమవుతాయని చర్చించే మన బ్యాచ్‌కి ఈ ఉదాహరణ ఎవరూ ఎందుకు చెప్పరో నాకు తెలియదు. 1790లో అమెరికాలో బానిసలు దాదాపు 7 లక్షలు. 1860 జనగణన నాటికి దాదాపు 40 లక్షలు. విదేశాల నుంచి తేవడం 1808 నుంచే నిషేధం. అయినా వర్జీనియా వంటి పాత రాష్ట్రాల నుంచి మిసిసిపీ, అలబామా పత్తి చేలకి లక్షల మందిని అమ్ముతూనే పోయారు. 1860 నాటికి అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే.

ఇక ప్రాంతీయ విభేదాలు. ఉత్తర రాష్ట్రాలు ఒక్కొక్కటిగా బానిసత్వాన్ని వదిలేశాయి. దక్షిణ రాష్ట్రాలు దాని మీదే నిలబడ్డాయి. సెనేట్‌లో చిన్నా పెద్దా తేడా లేకుండా రాష్ట్రానికి రెండు సీట్లు. అంటే కొత్తగా చేరే ప్రతి రాష్ట్రం ‘బానిస రాష్ట్రమా, స్వేచ్ఛా రాష్ట్రమా’ అన్నదే ఢిల్లీ స్థాయి రాజకీయం అన్నమాట. 1820లో మిస్సోరీని ఒకవైపు, మెయిన్‌ను ఇంకోవైపు చేర్చుకుని మ్యాప్ మీద గీత గీసి రాజీ పడ్డారు. 1850లో మళ్లీ రాజీ. 1854లో కాన్సస్, నెబ్రాస్కా విషయంలో ‘అక్కడి జనమే తేల్చుకుంటారు’ అన్నారు. దాంతో రెండు వర్గాల వాళ్లూ కాన్సస్‌కి తుపాకులతో చేరి కొట్టుకున్నారు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు నల్లజాతి వాళ్లు పౌరులే కారని, కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని పార్లమెంటు ఆపలేదని తీర్పు ఇచ్చింది. ఇక రాజీకి చోటు ఎక్కడిది?

1860 నవంబరులో లింకన్ గెలిచాడు. దక్షిణాదిలో పది రాష్ట్రాల్లో ఆయనకి ఒక్క ఓటూ పడలేదు, అక్కడ బ్యాలెట్లే లేవు. ఉన్నచోట బానిసత్వాన్ని తీసేస్తానని ఆయన అనలేదు కూడా. కొత్త ప్రాంతాలకి పాకనివ్వను అన్నాడు, అంతే. డిసెంబరు 20న దక్షిణ కరోలినా దేశం నుంచి విడిపోయింది. చివరికి 11 రాష్ట్రాలు వెళ్లిపోయాయి.

‘అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన యుద్ధం’ అని యూట్యూబ్‌లో చాలామంది చెబుతారు. వాళ్లు చెప్పేది నమ్మకండి, నేను చెప్పేదీ నమ్మకండి. లాగ్స్ చూడండి. విడిపోయిన రాష్ట్రాల్లో కొన్ని కారణాలు రాసి ప్రకటనలు విడుదల చేశాయి. మిసిసిపీ ప్రకటన మొదట్లోనే తమ నిర్ణయాన్ని బానిసత్వంతో ముడిపెడుతుంది. ఇంకో తమాషా. 1850 నాటి పారిపోయిన బానిసల చట్టం ప్రకారం ఉత్తరాదికి పారిపోయిన వాళ్లని పట్టి వెనక్కి అప్పగించాలి. ఉత్తర రాష్ట్రాలు ‘మా రాష్ట్రంలో కుదరదు’ అన్నప్పుడు దక్షిణాది వాళ్లు రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడలేదు, కేంద్రం బలవంతంగా అమలు చేయాల్సిందే అన్నారు. తర్వాత వాళ్లు రాసుకున్న సమాఖ్య రాజ్యాంగం బానిస ఆస్తికి అడ్డొచ్చే చట్టం చేయకూడదని కట్టడి పెట్టింది. హక్కు అనే మాట కింద ఉన్న ఆస్తి ఏదో ఇంతకంటే తేటగా తెలియదు.

ఇక్కడ మన సీమ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ప్రాంతీయ అసంతృప్తి అంటే ఏమిటో మనకి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలు అన్నారు. 1928 నంద్యాల సభలో రాయలసీమ అని పేరు మార్చుకున్నాం. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా వాళ్ల పెత్తనమే అవుతుందన్న అనుమానం అప్పట్లో గట్టిగా ఉండేది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో రెండు ప్రాంతాల నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో సీమకీ నెల్లూరుకీ ముందు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని లేదా హైకోర్టు కోరుకునే హక్కు సీమకి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే పోయింది కూడా. ఒప్పందం ఎంత అమలైందన్నది ఇప్పటికీ మన టీ కొట్ల దగ్గర తెగని పంచాయితీ. కానీ గమనించండి: నీళ్లు, సీట్లు, ఆఫీసులు ఇవన్నీ పంచుకోగలిగినవి. తక్కువ ఇచ్చారని కోపం రావచ్చు, మళ్లీ అడగొచ్చు. అమెరికాలో తగువు పడింది మనుషులని ఆస్తిగా ఉంచుకోవచ్చా లేదా అన్న దాని మీద. మ్యాప్ మీద గీత గీసి దాన్ని ఎన్నాళ్లు పంచుతారు? రాజీ కుదిరిన ప్రతిసారీ ఆ 40 లక్షల మందిని ఎవరూ సంప్రదించలేదన్నది సరేసరి. అందుకే ‘ప్రాంతీయ విభేదాల వల్ల యుద్ధం వచ్చింది’ అని రాసి ఆగిపోతే అది సగం జవాబు. విభేదాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడ వాటిని యుద్ధం దాకా తీసుకెళ్లింది బానిసత్వం.

అలాగని ఉత్తరాది అంతా ధర్మరాజులు, దక్షిణాది అంతా దుర్యోధనులు అని రాయకండి. బానిసలు ఏరిన పత్తితో ఉత్తరాది మిల్లులు నడిచాయి, న్యూయార్క్ షిప్పింగ్ ఏజెంట్లు కమీషన్లు తిన్నారు. డెలావేర్, మేరీల్యాండ్, కెంటకీ, మిస్సోరీ బానిస రాష్ట్రాలే అయినా లింకన్ వైపే ఉండిపోయాయి. వర్జీనియాలోనే కొండ ప్రాంతాల్లో పెద్ద తోటలు లేవు, బానిసలూ తక్కువ. అక్కడి వాళ్లు ‘మీ యుద్ధం మాకొద్దు’ అని విడిపోయి 1863లో వెస్ట్ వర్జీనియాగా ఏర్పడ్డారు. ప్రాంతంలో ఇంకో ప్రాంతం! ఎక్కడ బానిసలు తక్కువో అక్కడ దక్షిణాది అభిమానం కూడా పల్చబడిందన్నమాట. జవాబులో ఈ ఒక్క ఉదాహరణ రాస్తే మీ పాయింట్ నిలబడుతుంది. లింకన్ కూడా మొదట దేశాన్ని ఒకటిగా ఉంచడం కోసమే యుద్ధం అన్నాడు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చాక లక్ష్యం మారింది. చేలు వదిలి ఉత్తర సైన్యం శిబిరాలకి నడిచి వచ్చిన బానిసలే ఆ మార్పుకి ఒత్తిడి తెచ్చారు. దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది తరఫున పోరాడారు.

ఇప్పుడు మన పత్తి సంగతి. దక్షిణాది నాయకులకి ఒక ధీమా ఉండేది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకి మూడొంతుల పైగా పత్తి తమ దగ్గర నుంచే వెళ్తోంది, అది ఆపితే బ్రిటన్ దిగివచ్చి తమ పక్షం చేరుతుంది అనుకున్నారు. బ్రిటన్ చేరలేదు. ఉత్తరాది నౌకాదళం రేవులు మూసేసింది, లాంకషైర్‌లో మిల్లులు ఆగి వేలమంది పస్తులున్నారు. లివర్‌పూల్ మార్కెట్లో పత్తి ధర 1864 నాటికి యుద్ధానికి ముందున్న దానికి మూడు నాలుగు రెట్లకి ఎగబాకింది. ఒకే సప్లయర్ మీద ఆధారపడితే ఏమవుతుందో బ్రిటన్‌కి తెలిసొచ్చి మన వైపు తిరిగింది. 1862లో బ్రిటన్ దిగుమతి చేసుకున్న పత్తిలో అధిక భాగం భారత్‌దే. బొంబాయి రాత్రికి రాత్రి ధనవంతుల నగరమైంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో దత్తమండలాలు పత్తికి పాత పేరు. కొర్ర చేలో సాళ్లుగా పత్తి వేసే అలవాటు ఇక్కడ ఉంది. తిండికి కొర్ర, శిస్తుకి పత్తి. బళ్లారి, ఆదోని వైపు పత్తిని వర్తకులు ‘వెస్టర్న్స్’ అనేవారు, నంద్యాల వైపుది ‘నార్తర్న్స్’. ఆ రోజుల్లో సీమ నడిబొడ్డుకి రైలింకా రాలేదు, ఎద్దుల బండే దిక్కు. ధర పెరిగితే రైతు బాగుపడ్డాడా? కొందరు బాగుపడ్డారు. కానీ పంట చేతికి రాకముందే అడ్వాన్సు ఇచ్చిన షావుకారు, మధ్యలో వర్తకుడు, పైన శిస్తు కట్టించుకునే సర్కారు. లివర్‌పూల్ ధర మొత్తం రేగడి దాకా దిగిరాదని మీ ఇంట్లో పత్తి పండించినవాళ్లుంటే నేను చెప్పక్కర్లేదు.

అదే కాలంలో కేసీ కెనాల్ తవ్వారు. యుద్ధం వల్లే తవ్వారని రాయకండి. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1858లోనే ఏర్పడింది, పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం రాబడికి ప్రభుత్వమే హామీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకి ఆనకట్ట కట్టి, సాగుకీ పడవలకీ పనికొచ్చేలా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. పని 1863 నుంచి 1870 వరకు సాగింది. లండన్‌లో కాగితం మీద లాభసాటి ప్రాజెక్టే. కానీ రేగడిలో పత్తి వానకే పండుతుంది, డబ్బు కట్టి నీళ్లు కొనమంటే రైతు ముందుకు రాలేదు. యూజర్‌ని అడగకుండా ప్రోడక్ట్ కట్టిన స్టార్టప్‌లా ఉంది కథ. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది.

1865 ఏప్రిల్‌లో జనరల్ లీ లొంగిపోయాడు. ఆ డిసెంబరులో 13వ సవరణతో అమెరికాలో బానిసత్వం రద్దయింది. లివర్‌పూల్ ధర దిగింది, అమెరికా పత్తి మళ్లీ మార్కెట్‌కి వచ్చింది. దాన్ని పండించినవాళ్లలో ఎక్కువమంది నిన్నటి బానిసలే, ఇప్పుడు అదే భూమిని కోరుకు చేస్తూ దుకాణదారుకి అప్పు పడ్డారు. ఇటు మన వైపు మంచి ధరలు పోయాయి, శిస్తు, అప్పు మిగిలాయి. 1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు తప్పాయి. రెండేళ్ల ఆ కరువులో అందరికంటే దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు, కడప ఉన్నాయి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లా జనం నాలుగో వంతుకి అటూ ఇటూగా తగ్గిపోయింది.

ఈ ఆదివారం ఖాళీ ఉంటే ఇది 250 పదాల్లో రాసి చూడండి: ‘అమెరికా అంతర్యుద్ధానికి ప్రాంతీయ విభేదాలు కారణమా, బానిసత్వం కారణమా? భారత పత్తి సాగుపై దాని ప్రభావాన్ని చర్చించండి.’ మొదటి వాక్యంలోనే మీ పక్షం చెప్పేయండి. వెస్ట్ వర్జీనియా, పారిపోయిన బానిసల చట్టం, లివర్‌పూల్ ధర.. ఈ మూడూ జవాబులో కనబడాలి. 1876 కరువుని చివరి పేరాలో రెండు వాక్యాల్లో ముగిస్తే చాలు, అంతకంటే ఎక్కువ రాస్తే టైం చాలదు.